లైట్లు చూసి మాట్లాడిన నాన్న

పొద్దున టీ తాగీ తాగకముందే సౌండు మేస్త్రి కారు తాళంచెవి అందుకుని వీధిలోకి నడిచాడు. ప్రయాణమేమీ లేదు. ఇంటి ముందు నిలబెట్టిన సొంత కారులో కూర్చుని కూతురితో ఫోను మాట్లాడాలి, అంతే. ఇల్లంత ఇల్లు పెట్టుకుని కారులో కూర్చుని మాట్లాడటమేమిటని మీకు అనిపించొచ్చు. ఆ వీధిలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగినవాళ్ళే.

ఆయన వృత్తి కార్లకు స్టీరియోలు బిగించడం. "చేతులు స్టీరింగు మీద ఉంచండి, చూపు రోడ్డు మీద ఉంచండి, మాట గాల్లోకి వదిలేయండి. మిగతాది నా స్పీకర్లు చూసుకుంటాయి" అని షాపుకొచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పేవాడు. తాళం తిప్పగానే స్టీరియో జేబులోని ఫోనును తనే పట్టేసుకుంటుంది. ఫోను మోగితే స్టీరింగు మీది బటను నొక్కితే చాలు, అవతలి మనిషి గొంతు నాలుగు తలుపుల్లోంచీ వస్తుంది. ఎంతమంది కార్లలో ఎంతమంది గొంతులు మోగించాడో లెక్కలేదు. బిగించిన ప్రతిదాన్నీ గట్టిగా మోగించి, పక్కనే తల పెట్టి వినడం ఆయన పద్ధతి. అలా విని విని చెవులు పోగొట్టుకున్నాడు. పూర్తిగా కాదు, కాస్త. ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ అనుకున్నది అదే, కాస్త అని.

ఫోను చెవికి ఆనించుకుంటే గుసగుస కూడా వినపడదు, కారులో కూర్చుంటే మాత్రం శుభ్రంగా వినపడుతుంది అని ఆయనే చెప్పాడు. కారులో మాట్లాడటానికి అదొక కారణం. రెండో కారణం ఆయన భార్య.

కూతురు తనకు నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుంటానని బట్టలు సర్దుకున్న రోజున ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఈ గడప దాటావంటే నీ గొంతు మళ్ళీ నా చెవిన పడనివ్వను" అంది. కూతురు దాటింది. ఆవిడ అన్న మాట మీద నిలబడింది. మొండితనంలో ఆ తల్లీకూతుళ్ళు ఒకరికొకరు తీసిపోరు. ఆ తర్వాత ఇంట్లో ఆ పిల్ల పేరెత్తడం లేదు, ఫోను మోగడం లేదు. మోగాల్సిన ఫోను కారులో మోగేది.

అంత మొండి మనిషీ, పొద్దున ఆయన కారెక్కగానే ఒక తడిగుడ్డ పట్టుకుని బయటికొచ్చేది. ముందు అద్దం తుడిచేది, పక్క అద్దాలూ తలుపులూ తుడిచేది, తుడిచిన చోటే మళ్ళీ తుడిచేది. కారు కదిలి ఎన్నాళ్ళైందో! దుమ్ము పడటానికైనా తీరిక ఉండాలి కదా. ఎదురింటి టైలరు కుట్టుమిషను ఆపి మరీ ఏడిపించేవాడు.

"వదినా, అలా రుద్దావంటే రేకు అరిగిపోయి అన్నయ్య బయటికి కనిపిస్తాడు!"

"నీ పని నువ్వు చూసుకో. చేతిలో సూదుంది, గుచ్చుకుంటుంది" అనేది ఆవిడ.

అద్దాలు ఎత్తి ఉన్నా ఆ స్టీరియో హోరు బయటికి వచ్చేది. "నాన్నా, తిన్నావా?" అన్న పిలుపు అద్దంలోంచి ఆవిడ అరచేతికి తగిలేది. సౌండు అంత పెంచుతున్నది తన కోసమేనని, మొగుడు తెలిసే పెంచుతున్నాడని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంతోనే రోజూ గుడ్డ తడిపేది.

అలాంటి మనిషి కొంతకాలంగా మొగుడితో ముక్తసరిగా మాట్లాడుతోంది. టీ గ్లాసు పెట్టే చప్పుడులోనే కోపం తెలుస్తోంది, అది వినపడేవాళ్ళకి. కారణం మొన్నామధ్య ఒకరోజు అద్దంలోంచి విన్న మాటలు.

ఆ రోజు కూతురు తిన్నావా అని అడగలేదు. "నాన్నా, ఆయన వెళ్ళిపోయాడు" అంది. "ఇంకొకళ్ళతో ఉంటున్నాడు. ఇక రాడు. ఇల్లు కూడా ఖాళీ చేసెయ్యమంటున్నారు. నాన్నా, ఇంటికి వచ్చేయనా? అమ్మ ఒప్పుకుంటుందా?" అని అడిగి భోరుమంది. బయట ఆవిడ చెయ్యి అద్దం మీద ఆగిపోయింది. ఊఁ అను, వచ్చేయమ్మా అను, నా సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ముందు ఆ మాట అను అని మనసులోనే మొగుణ్ణి బతిమాలుకుంది.

లోపల మేస్త్రి పకపకా నవ్వాడు. "అలాగా! బావుంది బావుంది. హాయిగా ఉండండి తల్లీ. మీ ఆయన్ని అడిగానని చెప్పు" అన్నాడు.

నేను గొంతు వినను అన్నానే గానీ ఇంత మాట అనలేదే, ఇంత పగ ఎక్కడ దాచుకున్నాడు ఈ మనిషి అనుకుంది ఆవిడ. తలుపు తెరిచి ఆ మాటే అడిగేసి ఉంటే కథ ఇంకోలా ఉండేది. కానీ ఎదురుగా టైలరు చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ పొంచి వింటున్నానని ఒప్పుకోవాలి. అన్న మాట వెనక్కి తీసుకోవాలి. పాడు అభిమానం! ఆగిన చేత్తోనే మళ్ళీ అద్దం తుడవడం మొదలుపెట్టింది.

ఆయన ఇంట్లోకొచ్చి చెబుతాడేమో, అప్పుడు గట్టిగా దులిపేద్దామని కాచుకుని కూర్చుంది. ఆయన భోజనం దగ్గర కూర్చుని, "బుల్లెమ్మ భలే హుషారుగా ఉందివాళ" అని కూతుర్ని తలుచుకుని, తనలో తను అనుకుని చెయ్యి కడుక్కున్నాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత కూతురు ఫోను చేసినా రెండు ముక్కలే. ఉన్నాను, బాగానే ఉన్నాను, అంతే.

ఇక ఈ పొద్దుటి సంగతి. మేస్త్రి తాళం సగం తిప్పి కూర్చున్నాడు. స్టీరియో ముఖం వెలిగింది. ఆవిడ గుడ్డ పట్టుకుని వెనక తలుపు దగ్గర మొదలుపెట్టింది. ఫోను మోగింది, ఆయన బటను నొక్కాడు.

"నాన్నా, ఇవాళ ఓడెక్కేస్తున్నాను" అంది కూతురు. గొంతులో ఏడుపు లేదు, నవ్వూ లేదు. "ఓడలో బట్టలుతికే పని. వెళ్తే ఏడాది దాకా రానివ్వరు. నడి సముద్రంలో ఫోన్లు పనిచెయ్యవట. మళ్ళీ ఎప్పుడు చేస్తానో తెలీదు. నీకు చెప్పి వెళ్దామని చేశాను."

"తింటాను. మోకాలా? ముందుకన్నా నయమే తల్లీ" అన్నాడు మేస్త్రి హుషారుగా. "మందు రాస్తున్నాను. నువ్వు దిగులు పెట్టుకోకు."

అవతల నుంచి కూతురు "సరే నాన్నా. ఉంటాను" అని ఫోను పెట్టేసింది.

తడిగుడ్డ రోడ్డు మీద పడింది. ఆవిడ అద్దాన్ని అరచేత్తో దబదబా బాదింది. ఆయన తల తిప్పలేదు. చుట్టూ తిరిగి వచ్చి తలుపు ఊడదీసినంత పని చేసింది.

"మీరసలు మనిషేనా? కన్నకూతురు సముద్రంలోకి పోతున్నానంటే మోకాలి కబుర్లు చెప్తారా?"

ఆయన ఉలిక్కిపడి ఆవిడ ముఖంలోకి చూశాడు. "సముద్రమా? ఏ సముద్రం?"

"నాటకాలాడకండి!" అని ఆవిడ ముఖం పక్కకి తిప్పేసుకుంది. "మొన్న అది ఇంటికొస్తానని ఏడిస్తే పకపకా నవ్వారు. ఇవాళ వెళ్ళిపోతున్నానంటే మందు రాస్తున్నానంటున్నారు. మాట అన్నదాన్ని నేను, పగ నాది. మీకెందుకండీ ఇంత కసి?" అంటూండగానే ఆవిడకు దుఃఖం ముంచుకొచ్చింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనక నుంచే, "దాన్ని రావద్దన్నది మీరు. చంపేశారు దాన్ని" అంది.

"అవునవును, టీ చల్లారిపోయి ఉంటుంది. వస్తున్నా పద" అన్నాడాయన.

ఆవిడ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. చెయ్యి నోటి మీదే ఉంచుకుని, ఆయన్నే చూస్తూ, పెద్ద గొంతుతో, "నా మాట వినపడుతోందా?" అంది. ఎదురింట్లో టైలరు మిషను ఆపేశాడు. అంత గట్టిగా అడిగింది.

మేస్త్రి ఆ చేతినే చూస్తున్నాడు. ఆ చెయ్యి తీస్తే బావుండునన్నట్టు చూస్తున్నాడు. ఆవిడ తీయలేదు. మళ్ళీ అడిగింది. ఆయన కళ్ళు దించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఇంట్లో తన ప్రతి మాటకీ ఆయన తన ముఖంలోకి చూసి జవాబు చెప్పడం, తను వెనక్కి తిరిగి మాట్లాడితే పరధ్యానంగా ఉండటం, అన్నీ ఒక్కసారిగా ఆవిడ కళ్ళ ముందు తిరిగాయి. పెదవులు చూసి బతుకుతున్నాడు మహానుభావుడు!

ఆవిడ కారు చుట్టూ తిరిగి వచ్చి అవతలి తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంది. కూతురు వెళ్ళినప్పటి నుంచి ఆ కారెక్కడం అదే మొదటిసారి. ఆయన గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది.

"ఎప్పటినుంచి?"

"పోయిన చలికాలం నుంచి" అన్నాడు. "ముందు నిజంగానే వినపడేది ఇందులో. సౌండు పెంచుతూ పోయాను. పెంచడానికి ఇంక మిగల్లేదు. డాక్టరు దగ్గరికెళ్ళాను. నరం చచ్చిపోయిందట. చెవి మిషను పెట్టుకున్నా లాభం లేదన్నాడు."

"మరి దాంతో ఎలా మాట్లాడుతున్నారు?"

ఆయన స్టీరియో ముఖం మీద వేలు పెట్టాడు. అక్కడ సన్నటి ఆకుపచ్చ లైట్లు వరసగా ఉన్నాయి. "ఫోను మోగినా, మాట వస్తున్నా ఇవి లేస్తాయి. ఆగితే పడతాయి. పడ్డప్పుడు నేను మాట్లాడతాను. అది అడిగేవి నాకు తెలుసు కదా. ముందు తిన్నావా అంటుంది. తర్వాత మోకాలు. తర్వాత షాపు. ఆ వరసలోనే చెప్పేస్తాను. లైట్లు చిన్నగా లేస్తే మామూలు కబురు. ఎగిరెగిరి పడితే నవ్వుతున్నట్టు."

ఆవిడ ఆ లైట్ల వంక చూసింది. "మొన్న ఎగిరెగిరి పడ్డాయా?"

"చివరిదాకా లేచాయి" అన్నాడు. ఆ రోజును తలుచుకుని ఆయన ముఖం ఇప్పటికీ విప్పారింది. "ఎన్నాళ్ళకో పిల్ల అంత నవ్వింది. నాకూ నవ్వొచ్చింది."

"నవ్వలేదండీ" అంది ఆవిడ. ప్రతి మాటా పెదవులతో దిద్దినట్టు పలికింది. "ఏడ్చింది. మొగుడు వదిలేసి పోయాడని ఏడ్చింది. ఇంటికి రానా అని అడిగింది. మీరు నవ్వి, మీ ఆయన్ని అడిగానని చెప్పు అన్నారు. అందుకే ఇవాళ ఓడెక్కి పోతోంది."

మేస్త్రి ఆ పెదవుల వంక చూస్తూ ఉండిపోయాడు. సరిగ్గా చదవలేదేమో, ఇంకోసారి చెబితే మారుతుందేమో అన్న ఆశ ఆయన కళ్ళలో కనిపించింది. ఆవిడ ఇంకోసారి చెప్పింది. మారలేదు. ఆయన స్టీరింగు మీద తల వాల్చి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో ఆయనకు తెలియదు. వీధంతా విన్నది.

"ఒక్క ముక్క నాతో చెప్పొచ్చు కదండీ" అని ఆవిడ ఆయన తల ఎత్తి పట్టుకుని అడిగింది.

"చెబితే? నాకు వినపడదని తెలిస్తే అది ఫోను ఎవరికి చేస్తుంది? నీకా?"

ఆ ప్రశ్నకు జవాబు ఆవిడే ఎప్పుడో గుమ్మంలో నిలబడి చెప్పేసింది. చెంపలు తుడుచుకుని, "చెయ్యండి. ఇప్పుడే చెయ్యండి. నేను మాట్లాడతాను" అంది.

మేస్త్రి బటను నొక్కి, గాల్లోకి చూసి, "బుల్లెమ్మకి ఫోను చెయ్యి" అన్నాడు. స్టీరియో సరేనంది. అది సరేనన్న సంగతి కూడా ఆయన లైట్లలోనే చూశాడు.

"నాన్నా, బస్సు కదలబోతోంది. ఓడ దగ్గరికి తీసుకెళ్తున్నారు. ఏంటి?"

అంత దగ్గరగా, నాలుగు వైపుల నుంచీ కూతురి గొంతు వినేసరికి ఆవిడ తలుపులోని స్పీకరు మీద చెయ్యి వేసింది. లైట్లు పడిపోయి ఉన్నాయి. మేస్త్రి భార్య మోచేతిని పొడిచాడు.

"బుల్లీ" అంది ఆవిడ.

అవతల నుంచి నెమ్మదిగా, "అమ్మా?"

"మీ నాన్నకి వినపడదే. బొత్తిగా వినపడదు. లైట్లు చూసి మాట్లాడుతున్నాడట. ఆ రోజు నువ్వు చెప్పింది ఒక్క ముక్క కూడా వినలేదమ్మా."

"మరి నవ్వాడు కదా."

"నువ్వు నవ్వుతున్నావనుకుని నవ్వాడే పిచ్చి మనిషి."

లైట్లు ఒక్కసారిగా చివరిదాకా లేచాయి. మేస్త్రి కంగారుగా వాటినీ భార్య ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఏడుస్తోందా? ఏడుస్తోంది కదూ?" అన్నాడు. ఆవిడ తలూపింది. ఆయన స్టీరియో మీదకి వంగి, "వచ్చేయ్ తల్లీ! ఇంటికొచ్చేయ్! నాకు తెలీదమ్మా, నాకు తెలీదు" అని అరిచాడు.

"ఎలా వస్తానమ్మా?" అంది కూతురు కాస్త తేరుకుని. "సంతకం పెట్టేశాను. కాగితాలన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఇంట్లో సామాన్లు ఎవరికి కావలిస్తే వాళ్ళకి ఇచ్చేశాను. ఇప్పుడు దిగిపోతానంటే ఊరుకోరు. నాన్నకి చెప్పు, నాకు కోపం లేదని. వినపడేలా చెప్పు."

"చెప్తానమ్మా. నేను... నీ మీద నాకు..." అంది ఆవిడ.

"నువ్వు రోజూ వింటున్నావని నాకు తెలుసమ్మా. కారులో మైకు ఉంటుంది కదా, అద్దం మీద గుడ్డ కీచుమనడం నాకు వినపడేది. నీకు కూడా వినపడాలనే గట్టిగా మాట్లాడేదాన్ని." కూతురి గొంతు సన్నబడింది. "ఆ రోజు కూడా నీకు వినపడాలనే అడిగాను. అమ్మ ఒప్పుకుంటుందా అని అడగ్గానే గుడ్డ ఆగింది. నాన్న నవ్వాడు. తర్వాత నువ్వు మళ్ళీ తుడుచుకోవడం మొదలుపెట్టావు. సరే, ఇద్దరి మాటా అదేననుకున్నాను."

ఆవిడ నోరు తెరిచింది. టైలరు చూస్తున్నాడనీ, సిగ్గేసిందనీ, లోపల కుళ్ళి కుళ్ళి ఏడ్చాననీ చెప్పాలనుకుంది. అవన్నీ ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆ పిల్లకు వినపడింది గుడ్డ చప్పుడు. మొగుడు వినక చెప్పిన జవాబు ఒకటి, తను విని కూడా చెప్పిన జవాబు ఒకటి. రెండూ కలిసి ఆ పిల్లను ఓడ ఎక్కించాయి.

"బుల్లీ, నేను పాపిష్టిదాన్నే" అని మాత్రం అనగలిగింది.

"అలా అనకమ్మా. నీ గొంతు విన్నాను, చాలు. బస్సు కదిలింది. ఉంటాను. నాన్నని..." అంటూండగా ఇంజను హోరు వచ్చింది. ఆ హోరులో ఆ మాట ఏమిటో ఆవిడకు కూడా వినపడలేదు. ఫోను ఆగిపోయింది. లైట్లు కిందికి పడి, స్టీరియో ముఖం మీద గడియారం వచ్చింది.

మేస్త్రి ఎదురు చూస్తున్నాడు. ఆవిడ ఆయన వైపు తిరిగింది. "కోపం లేదంది" అని చెప్పింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. "రాలేనంది" అని కూడా చెప్పింది. రెండో మాట చదవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నీ వల్ల అని ఆయన అనలేదు, మీ వల్ల అని ఆవిడ అనలేదు. రోడ్డు మీద పడిన గుడ్డను టైలరు వచ్చి తీసి, దులిపి, గోడ మీద ఆరేసి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున మేస్త్రి అలవాటు ప్రకారం తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు. ఆవిడ కూడా అలవాటు ప్రకారం గుడ్డ తడిపి గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగి, చేతిలోని గుడ్డ వంక చూసుకుని, దాన్ని అక్కడే వదిలేసింది. వెళ్ళి ఆయన పక్క సీట్లో కూర్చుంది. ఆయన తాళం సగం తిప్పాడు. లైట్లు వెలిగి, కింద పడి, అలాగే ఉన్నాయి. రాత్రి రేగిన దుమ్ము ముందు అద్దం మీద పలచగా పరుచుకుని ఉంది.

"మోగితే చెప్పు" అన్నాడు మేస్త్రి.

ఓడ ఈపాటికి ఒడ్డు వదిలి ఎంతో దూరం పోయి ఉంటుంది. మోగదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఆయన వైపు పూర్తిగా తిరిగి, పెదవులు బాగా కనిపించేలా, "చెప్తాను" అంది.